సగటు ఆదాయం పెరిగినా పీ విలువ 0.21 ఎందుకొస్తోందంటే

శిక్షణ తర్వాత సగటు ఆదాయం పెరిగినా పీ విలువ (నిజంగా మార్పేమీ లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే ఎక్కువ తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) 0.21 వచ్చిందని అడిగారు. మీరు వేసింది ఇండిపెండెంట్ టీ టెస్ట్, అంటే రెండు వేర్వేరు గుంపుల సగటులను పోల్చేది. పాకాలలో పాడి శిక్షణకు ముందు, తర్వాత అడిగింది అదే 40 మంది సంఘం మహిళలనే కదా? దానికి ఒక్కొక్కరి ముందు, తర్వాత తేడాను చూసే పెయిర్డ్ టీ టెస్ట్ వేయాలి.

ఒకామె నెల ఆదాయం 4,000 నుంచి 4,600కి, ఇంకొకామెది 15,000 నుంచి 15,600కి పెరిగిందనుకోండి. ఇద్దరికీ పెరిగింది 600. ఇద్దరి మధ్య ఉన్న 11,000 తేడాలో మీ టెస్ట్ ఆ 600ని ముంచేస్తోంది.

1. డేటా షీట్‌లో 80 వరుసలు వద్దు. మనిషికొకటి, 40 చాలు. ముందుది ఒక కాలమ్, తర్వాతది ఇంకో కాలమ్.

2. అందరూ తప్పేది ఇక్కడే. రెండు సర్వేల్లో పేర్ల క్రమం ఒకేలా ఉండదు. సభ్యురాలి నంబరుతోనే జత కలపండి. ఒక్క కాలమ్‌నే సార్ట్ చేశారో, జతలన్నీ చెదిరిపోతాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం కిక్కురుమనదు. ఓ పదిమందివి కాగితం ఫారాలతో సరిచూడండి.

3. ఇప్పుడు పెయిర్డ్ టెస్ట్. ఫలితాల్లో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (df అని ఉండే సంఖ్య, ఇక్కడ జతల కంటే ఒకటి తక్కువ) 39 రావాలి. 78 కనిపిస్తే మళ్లీ పాతదే వేశారన్నమాట.

పీ మామూలుగా వాడే హద్దు 0.05 కంటే తగ్గినా "శిక్షణ వల్లే" అని రాయొద్దు. మీ రెండో సర్వే జులైలో, తోతాపురి మామిడి డబ్బు చేతికొచ్చే రోజుల్లో జరిగింది. శిక్షణ లేని సంఘాల నుంచి అవే నెలల ఆదాయం దొరికితే, రెండు గుంపుల పెరుగుదలను పోల్చండి. ఇండిపెండెంట్ టెస్ట్ అప్పుడు పనికొస్తుంది.