మార్కుల జాబితా లేని అమ్మాయి, ముందున్న ఏడాది

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. పిల్లల ఆసక్తిని బట్టి చదువు చెప్పే హైస్కూల్లో నాలుగేళ్లు చదివి, మరో రెండు నెలల్లో బయటికి వస్తోంది. అక్కడ ర్యాంకులు, మార్కులు లేవు. వారానికి రెండు రోజులు బడి బయట ఎవరో ఒకరి దగ్గర పని నేర్చుకోవాలి, కొన్ని నెలలకోసారి నేర్చుకున్నది అందరి ముందు వివరించాలి. మొదట సంగీతం అంది, తరువాత వయొలిన్లు బాగుచేసే ఆయన దగ్గర చేరింది, ఇప్పుడు వినికిడి పరీక్షలు చేసే క్లినిక్కుకి వెళ్తోంది. నోటు పుస్తకం నిండా ఎర్ర సున్నాలు, నీలం ఇంటూ గుర్తులు గీసుకుంటూ కూర్చుంటుంది. ఒక ఏడాది ఆ క్లినిక్కులోనే సహాయకురాలిగా పనిచేసి, తరువాత ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) చదువుతానంటోంది. ఏడాది ఆగిందంటే ఇక చదవదని, ఏదో ఒక డిగ్రీలో ఇప్పుడే చేరిపోవాలని మా వారు పట్టుబడుతున్నారు. మార్కుల జాబితా లేని పిల్లకు సీటెవరిస్తారన్నది నా భయం. ఆ బడిలో వేసి తప్పు చేశామా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది మనసులో మెదులుతున్నంత కాలం మిగిలిన విషయాలు తేటగా కనిపించవు. మీరు తప్పు చేయలేదు. ఇలాంటి చదువు నిన్న మొన్న పుట్టిన ప్రయోగం కాదు. 1930లలో అమెరికాలో సుమారు 30 హైస్కూళ్లు తమ పాఠ్యక్రమాన్ని విద్యార్థుల అవసరాలకు, ఆసక్తులకు అనుగుణంగా మార్చుకున్నాయి. ఆ పిల్లలు కాలేజీకి వెళ్లాక ఎలా నెగ్గుకొచ్చారో చూడడానికి, మామూలు బడుల నుంచి వచ్చిన, అదే వయసూ అలాంటి నేపథ్యమూ ఉన్న విద్యార్థులతో 1,475 జతలుగా కట్టి పోల్చారు. ఎనిమిదేళ్ల అధ్యయనంగా పేరుపడిన ఆ పరిశీలన ఫలితాలు 1942లో వెలువడ్డాయి. ఆసక్తి ఆధారంగా చదివిన పిల్లలు కాలేజీలో వెనకబడలేదు. విదేశీ భాషలు తప్పిస్తే, మొత్తం మీద కాస్త మెరుగైన మార్కులే తెచ్చుకున్నారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని మీ దగ్గర దాచడం న్యాయం కాదు. ఆ పిల్లల విషయంలో మామూలు ప్రవేశ నిబంధనలు పట్టించుకోబోమని దాదాపు 300 కాలేజీలు ముందుగానే ఒప్పుకున్నాయి. అంటే లోపలికి వెళ్లాక వాళ్లు రాణించారన్నది ఆ అధ్యయనం చెబుతుంది గానీ, తలుపు దానంతటదే తెరుచుకుంటుందని చెప్పదు. కాబట్టి మీ భయం అర్థం లేనిదేమీ కాదు. దాన్ని మనసులో పెట్టుకుని కుమిలిపోవడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు, పనిగా మార్చుకోవాలి. అమ్మాయి చేరాలనుకుంటున్న నాలుగైదు విద్యాసంస్థల ప్రవేశాల విభాగాలకు ఆమె చేతే ఈ వారంలోనే రాయించండి: మార్కులకు బదులు పోర్ట్‌ఫోలియోను (ఆమె చేసిన పనుల సంకలనాన్ని), ఉపాధ్యాయుల వివరణాత్మక మూల్యాంకనాన్ని తీసుకుంటారా, ప్రవేశ పరీక్ష ఏదైనా రాయాలా, ఏయే సబ్జెక్టులు ఏ స్థాయి దాకా చదివి ఉండాలి? జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరో చెప్పారన్న మాట మీద ఒక పిల్ల ఏడాదిని పణంగా పెట్టకూడదు.

నా అనుమానమల్లా గణితం, భౌతికశాస్త్రం మీదే. ఇష్టం వెంట నడిచే చదువులో కొన్ని విషయాలు చాలా లోతుగా వస్తాయి, కొన్నింటి జోలికి ఎవరూ పోకపోవచ్చు కూడా. ఆడియాలజీ అంటే మనుషులతో మాట్లాడి యంత్రం పెట్టడం ఒక్కటే కాదు. అందులో ధ్వని తరంగాల భౌతికశాస్త్రం ఉంటుంది, చెవి నిర్మాణం, నాడీ వ్యవస్థ ఉంటాయి, గణాంక శాస్త్రమూ ఉంటుంది. ఏదైనా మామూలు ప్రశ్నపత్రం ఇచ్చి, గడియారం పెట్టుకుని రాయమనండి. పరువు కోసం కాదు, ఎక్కడ ఖాళీ ఉందో ఆమెకే తెలియడానికి. ఖాళీ ఉన్నట్టు తేలితే, ఆమె కోరుతున్న ఏడాదికి అదే బలమైన కారణం అవుతుంది.

అప్పుడు ఆమె ఆ ఖాళీని ఎలా తీసుకుంటుందన్నది ముఖ్యం. మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో కొందరికి కృష్ణబిలాల గురించి ఆకట్టుకునే చిన్న వీడియో చూపించి, వెంటనే అదే విషయంపై కష్టమైన వ్యాసం చదవమన్నారు. ఆసక్తి అనేది ముందే మనలో ఉంటుందని, దాన్ని కనిపెడితే చాలని నమ్మేవారి ఉత్సాహం ఆ కష్టం ఎదురవగానే ఎక్కువగా చల్లారింది. ఆసక్తిని పెంచుకోవాలని నమ్మేవారు అంతగా నీరుగారలేదు. ‘నీకు నిజంగా ఇష్టముంటే గణితం కూడా సులువుగా వచ్చేస్తుంది’ అని పెద్దవాళ్లం ధైర్యం చెప్పబోతాం. దయచేసి ఆ మాట అనకండి. రేపు రాకపోతే, తనకు అసలు ఇష్టమే లేదేమోనన్న అనుమానం ఆమెకు కలుగుతుంది.

ఇక మీ వారి సంగతి. ఏడాది ఆగితే చదువు దూరమవుతుందన్న ఆయన భయం కొంత నిజమే. ఏ ప్రణాళికా లేని ఏడాది చేతిలోంచి జారిపోతుంది. అలాగని ఏదో ఒక డిగ్రీలో చేర్పించడం దానికి మందు కాదు. తన మనసుకు తోచిన పని వెతుక్కుంటూ నాలుగేళ్లు గడిపిన పిల్లను ఇప్పుడు కారణం చెప్పకుండా ఒక తరగతి గదిలో కూర్చోబెడితే, ఆమె అక్కడ ఉండీ లేనట్టే ఉంటుంది. ఇద్దరికీ మధ్యన ఒక దారి ఉంది. దరఖాస్తులు ఇప్పుడే పెట్టించండి. సీటు వచ్చిన తరువాత చేరికను ఒక ఏడాది వాయిదా వేసుకునే వీలు చాలా విశ్వవిద్యాలయాలు కల్పిస్తాయి. అన్నీ కాదు, ఇది కూడా ఆ ఉత్తరాల్లోనే అడిగించండి. సీటు చేతిలో ఉంటే ఆయనకు నిద్ర పడుతుంది, ఏడాది చేతిలో ఉంటే ఆమెకు ఊపిరి ఆడుతుంది.

ఆ ఏడాది ఎలా గడుస్తుందో ఆమే కాగితం మీద పెట్టాలి. ఏ నెల దాకా క్లినిక్కు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఉంటుందా, ఏ రోజుల్లో గణితం, ఎవరి దగ్గర, ఏ తేదీన మీ ముగ్గురూ కూర్చుని సరిచూసుకుంటారు అన్నవన్నీ అందులో ఉండాలి. వారానికి రెండు రోజులు నేర్చుకోవడానికి వెళ్లడం వేరు, అలసిపోయిన రోజున కూడా ఇరవయ్యో మనిషికి అదే ఓపికతో పరీక్ష చేయడం వేరు. ఈ తేడా గురించి అక్కడ పని నేర్పే మెంటర్‌తో ఆమె మనసు విప్పి మాట్లాడాలి, వీలైతే మీరూ ఒకసారి ఆయనను కలవండి.

ఆమె ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ వచ్చిందన్న సంగతిని చివరికి ఉంచాను. సంగీతం, వయొలిన్, వినికిడి మూడింటిలోనూ నాకు శబ్దమే వినిపిస్తోంది. అయితే దూరం నుంచి చూసి నేను ముడివేయడం సులభం, అది నిజమో కాదో చెప్పవలసింది ఆమే. ఆ ఎర్ర సున్నాలు, నీలం ఇంటూలు మాత్రం పిచ్చి గీతలు కావు. అది ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే పటం. సున్నా కుడి చెవి, ఇంటూ ఎడమ చెవి. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా కీచుదనం, నిలువుగా డెసిబెళ్లలో శబ్దం బిగ్గరతనం, కిందికి పోయేకొద్దీ ఎక్కువ. మనిషి చెయ్యెత్తినప్పుడల్లా శబ్దాన్ని పది డెసిబెళ్లు తగ్గిస్తారు, వినపడకపోతే ఐదు పెంచుతారు. అలా ఒక్కొక్క కీచుదనం దగ్గర అతను వినగలిగిన అతి నెమ్మదైన శబ్దాన్ని పట్టుకుని, అక్కడ ఒక గుర్తు పెడతారు. ఎవరూ అడగకుండానే ఆమె ఇంట్లో కూర్చుని దాన్ని సాధన చేస్తోంది.

బడిలో ఆఖరి ప్రదర్శన ఇంకా మిగిలే ఉండి ఉంటుంది. దానికి మీరిద్దరూ తప్పకుండా వెళ్లండి. ఈ లోపల ఒక సాయంత్రం ఆ నోటు పుస్తకం తెరిపించి, ఏ గుర్తు ఎందుకు అంత కిందికి దిగిందో, ఆ మనిషికి ఏ మాటలు వినపడకుండా పోతున్నాయో చెప్పమని అడగండి. ఆ ప్రశ్న మీ వారే అడిగితే ఇంకా మంచిది.