కెమిస్ట్రీలో వేలన్సీ, సైకాలజీలో వేలెన్స్: రెండూ ఒకటేనా?

ప్రశ్న: డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఇప్పుడు ఎంఏ సైకాలజీలో చేరాను. సోడియం వేలన్సీ ప్లస్ 1, క్లోరిన్‌ది మైనస్ 1 అని నేర్చుకున్నాం. ఇక్కడేమో సంతోషానికి పాజిటివ్ వేలెన్స్, భయానికి నెగటివ్ వేలెన్స్ అంటున్నారు. రెండూ ఒకటేనా? డిసర్టేషన్‌లో తెలుగు పదాల వేలెన్స్ కొలవాలి, ఎలా మొదలుపెట్టాలి? "నెగటివ్ వేలెన్స్ సిస్టమ్స్" అన్నది కూడా చదివాను, అదేమిటి?

జవాబు:

ఒకటి కాదండీ. మీ చిక్కంతా ఆ ప్లస్, మైనస్‌ల దగ్గర ఉంది. నేను కొన్నేళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. ఆ తర్వాత తెలుగు పదాలకు భావోద్వేగ రేటింగులు సేకరించే ఒక పరిశోధన బృందంలో పనిచేశాను. రెండు చోట్లా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కెమిస్ట్రీలో వేలన్సీకి ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. ఒక పరమాణువు ఎన్ని బంధాలు ఏర్పరుస్తుందో చెప్పే సంఖ్య అది. సోడియం వేలన్సీ 1, క్లోరైడ్‌లో క్లోరిన్‌దీ 1. మీరు చెప్పిన ప్లస్ 1 సోడియం అయాన్ మీది ఆవేశం, దాని ఆక్సీకరణ సంఖ్య, అంటే ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో, పొందిందో చూపే లెక్క. వేలన్సీలు అటుదిటు, ఇటుదటు మార్చి ఫార్ములాలు రాయించేటప్పుడు బడిలో ఈ రెండింటినీ కలిపి చెప్పేస్తారు. ఆ స్థాయిలో పెద్ద నష్టం ఉండదు, ఇబ్బంది పై తరగతుల్లో బయటపడుతుంది. కార్బన్‌నే తీసుకోండి. మీథేన్‌లో దాని ఆక్సీకరణ సంఖ్య మైనస్ 4, కార్బన్ డయాక్సైడ్‌లో ప్లస్ 4, ఫార్మాల్డిహైడ్‌లో సున్నా. వేలన్సీ మాత్రం మూడింటిలోనూ 4. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ ఆక్సీకరణ సంఖ్య మైనస్ 1, వేలన్సీ 2. ఇవి చూశాక "సోడియం పాజిటివ్, సంతోషం పాజిటివ్" అన్న పోలికను వదిలేయొచ్చు.

మరి రెండు శాస్త్రాల్నీ కలిపే దారం ఏమీ లేదా అంటే, ఉంది. అది చరిత్రలో కనబడుతుంది.

1852లో ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త, లోహాలకు ఇథైల్ వంటి సమూహాలు అంటుకున్న పదార్థాల మీద ఒక పత్రం వెలువరించాడు. గాలి తగిలితే భగ్గున మండే డైఇథైల్ జింక్ ఆయన తయారుచేసిన పదార్థమే. లోహం ఇథైల్ సమూహాన్ని పట్టుకుంటే, ఆ మేరకు ఆక్సిజన్‌ను పట్టుకునే సామర్థ్యం తగ్గిపోతోందని ఆయన గమనించాడు. నైట్రోజన్, ఫాస్ఫరస్, ఆర్సెనిక్, ఆంటిమొనీ, ఇవి కలిసే మూలకం ఏదైనా సరే 3 లేదా 5 తుల్యభాగాలతో (కలయికలో పాళ్లను లెక్కించే కొలత) తృప్తి పడుతున్నాయని కూడా రాశాడు. వేలన్సీ భావన అక్కడ మొలకెత్తింది. తర్వాత 1858 నాటికి కెకూలే, కూపర్ అనే రసాయన శాస్త్రవేత్తలు విడివిడిగా కార్బన్ వేలన్సీ 4 అని తేల్చారు.

కెకూలే ఇంకో అడుగు వేసి, ప్రతి మూలకానికీ ఒకే ఒక స్థిరమైన వేలన్సీ ఉంటుందని పట్టుబట్టాడు. ఫాస్ఫరస్‌ది 3 అన్నాక ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌ను ఏం చేయాలి? అది నిజమైన అణువు కాదనీ, ట్రైక్లోరైడ్ అణువూ క్లోరిన్ అణువూ పక్కపక్కన చేరిన జంట అనీ చెప్పాడు. వేడిచేస్తే ఆ రెండుగానే విడిపోతుంది కాబట్టి ఆ వాదన తీసిపారేయదగినది కాదు. కానీ నిలవలేదు. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ కోబాల్ట్, అమ్మోనియా సంక్లిష్టాలకు (లోహం చుట్టూ ఇతర అణువులు, అయాన్‌లు చేరి ఏర్పడే పదార్థాలకు) కొత్త వివరణ ఇచ్చాడు. 1 కోబాల్ట్‌కు 3 క్లోరిన్‌లు, 6 అమ్మోనియాలు ఉన్న సంక్లిష్టానికి సిల్వర్ నైట్రేట్ కలిపితే 3 క్లోరైడ్‌లూ అవక్షేపంగా, అంటే అడుగుకు చేరే ఘనపదార్థంగా దిగుతాయి. అమ్మోనియాలు 5 ఉంటే 2 మాత్రమే, 4 ఉంటే 1 మాత్రమే. దిగని క్లోరిన్‌లు అమ్మోనియాలతోపాటు నేరుగా కోబాల్ట్‌నే పట్టుకుని ఉంటాయి, అలా పట్టుకున్నవి ప్రతిసారీ 6. దీన్నిబట్టి కోబాల్ట్‌కు ప్రాథమిక వేలన్సీ 3, ద్వితీయ వేలన్సీ 6 అని వెర్నర్ రెండు రకాలు చెప్పాల్సివచ్చింది. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంటర్‌లో మీరూ చదివే ఉంటారు. నాకైతే కెమిస్ట్రీ మొత్తంలో ఇంత అందమైన తర్కం తక్కువచోట్ల కనబడింది.

ఈ చరిత్ర అంతా చెప్పడానికి కారణం ఉంది. పరమాణువును ఒంటరిగా చూసి దాని వేలన్సీ ఇంత అని ఒక్క మాటలో చెప్పలేం. సల్ఫర్ హైడ్రోజన్‌తో కలిస్తే 2, ఫ్లోరిన్‌తో కలిస్తే 6. ఎదుటనున్నది ఎవరో తెలియాలి. సైకాలజీలో వేలెన్స్‌ను ప్రవేశపెట్టిన కర్ట్ లెవిన్‌కు కావలసిందీ ఇలాంటి సంబంధమే.

లెవిన్ బెర్లిన్‌లో పనిచేసి, 1933లో అమెరికాకు వెళ్లిపోయిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త. వస్తువులు మనిషిని తమవైపు పిలుస్తాయి, లేదా దూరంగా నెడతాయి అన్నది ఆయన ఆలోచన. జర్మన్‌లో ఆయన దీనికి వేరే మాట వాడేవాడు. 1935లో ఆయన వ్యాసాలు ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చినప్పుడు "వేలెన్స్" అన్నారు, అది స్థిరపడింది. 1929లో యేల్‌లో జరిగిన అంతర్జాతీయ మనోవిజ్ఞాన సమావేశంలో ఆయన ఒక ఫిలిం చూపించాడు. చిన్న పాప ఒక రాయి మీద కూర్చోవాలనుకుంటుంది. కూర్చోవాలంటే రాయికి వీపు తిప్పాలి. కావలసినదాని నుంచి ముఖం తిప్పుకోవడం ఆ పాపకు సాధ్యం కాదు, రాయి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. లెవిన్ దృష్టిలో వేలెన్స్ అంటే దిశ ఉన్న బలం. అంతే ముఖ్యమైన సంగతి, అది రాయిలో లేదు. ఆకలిగా ఉన్నవాడికి అన్నానికి పాజిటివ్ వేలెన్స్, కడుపు నిండాక అదే అన్నానికి ఏమీ లేదు. అవసరం మారితే వేలెన్స్ మారిపోతుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నా దృష్టిలో విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేది కెమిస్ట్రీకీ సైకాలజీకీ మధ్య తేడా కాదు, సైకాలజీ లోపలే ఉన్న తేడా. లెవిన్ దగ్గర వేలెన్స్ వస్తువుది. 1980లో జేమ్స్ రసెల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త భావోద్వేగాలను ఒక వృత్తంలో అమర్చాడు. అడ్డంగా సుఖం, అసుఖం. నిలువుగా ఉద్రేకం, ప్రశాంతత. ఆ అడ్డగీతనే ఇప్పుడు వేలెన్స్ అంటున్నారు. ఇది వస్తువుది కాదు, అనుభూతిది. మేనేజ్‌మెంట్ వాళ్లు చదివే విక్టర్ వ్రూమ్ సిద్ధాంతంలో (1964) వేలెన్స్ అంటే, రాబోయే ఫలితం మీద మనిషి పెట్టుకున్న కోరిక. ఒకే మాట, మూడు కొలతలు.

ఈ తేడాను కోపం బాగా బయటపెడుతుంది. కోపం అసుఖమే, రసెల్ లెక్కలో నెగటివ్. కానీ కోపం వచ్చినవాడు వెనక్కి తగ్గడు, మీదికి వెళతాడు. ఎడీ హార్మన్-జోన్స్ వంటి పరిశోధకులు కోపం ముందుకు తోసే భావోద్వేగమని చూపించారు. కాబట్టి "నెగటివ్ అంటే దూరంగా జరగడం" అని డిసర్టేషన్‌లో రాయకండి. రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

ఇక మీ పదాల సంగతి. ఇంగ్లీషులో ఈ పని పెద్దయెత్తున జరిగింది. 2013లో వారినర్, కూపర్మన్, బ్రిస్బార్ట్ దాదాపు 14 వేల పదాలకు 1 నుంచి 9 స్కేలు మీద రేటింగులు ప్రకటించారు. ఆ పదాలను తెలుగులోకి మార్చి, అవే అంకెలు పెట్టుకుని పని కానిచ్చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. మేం రేటింగులు తీసుకుంటున్నప్పుడు "వాన" అన్న పదం దగ్గర గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒకావిడ పెన్ను ఆపి, "ఏ నెల్లో వానండీ?" అని అడిగింది. నారుమళ్లు ఎండుతున్నప్పుడు పడే వాన వేరు, కోసిన వరి కళ్లంలో ఉండగా పడే వాన వేరు. లెవిన్ చెప్పిన మాటనే ఆవిడ ఏ పుస్తకమూ చదవకుండా అడిగింది. నగరంలో హాస్టల్ పిల్లలు మాత్రం ఆ పదానికి ఆలోచించకుండా 7, 8 వేసేశారు.

ఇంకా లోతైన ఇబ్బంది "అప్పగింతలు" దగ్గర ఎదురైంది. కొందరు 2 వేశారు, కొందరు 8 వేశారు, చాలామంది మధ్యలో 5 వేశారు. "కాగితం" అన్న పదానికీ 5 వచ్చింది. సగటు చూస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. కాగితం ఏ భావమూ కలిగించదు, అప్పగింతలు రెండు భావాల్నీ గట్టిగా కలిగిస్తాయి. ఒకే గీత మీద సుఖం ఒక చివర, దుఃఖం ఒక చివర పెట్టి కొలిచినప్పుడు ఈ తేడా మాయమైపోతుంది. జాన్ కాచియొప్పో, గ్యారీ బెర్న్‌ట్‌సన్ 1994లోనే పాజిటివ్, నెగటివ్ అన్నవి ఒకే గీతకు రెండు చివరలు కానక్కర్లేదనీ, వేర్వేరుగా పెరిగే రెండు కొలతలు కావచ్చనీ వాదించారు. 2001లో లార్సన్, మెక్‌గ్రా, కాచియొప్పో కళాశాల పట్టా అందుకునే రోజు విద్యార్థులను అడిగితే, మామూలు రోజులకన్నా ఎక్కువమంది సంతోషం, బాధ రెండూ ఉన్నాయన్నారు. పెళ్లి పందిట్లో కూతుర్ని పంపించిన ఏ తల్లిని అడిగినా ఇదే చెబుతుంది. నాకు తెలిసి తెలుగు పదాల మీద పనిచేసేవారు అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసింది ఇదే, ఎందుకంటే మన పండుగల, శుభకార్యాల పదాల్లో సగం ఇలాంటివే.

అందువల్ల వీలైతే ఒక్క స్కేలు బదులు రెండు పెట్టండి. "ఈ పదం మీకు ఎంత హాయి కలిగిస్తుంది?", "ఎంత బాధ కలిగిస్తుంది?" అని విడివిడిగా అడగండి. గైడ్ ఒక్క స్కేలే వాడాలంటే, సగటుతోపాటు రేటింగులు ఎంత చెదిరి ఉన్నాయో కూడా తప్పకుండా ఇవ్వండి. పదం వింటే కలిగే అనుభూతిని అడుగుతున్నారా, ఆ వస్తువు మంచిదా చెడ్డదా అని అడుగుతున్నారా, సూచనల్లో స్పష్టంగా రాయండి. "మందు" అన్న పదం దగ్గర ఈ రెండింటికీ జవాబులు వేరుగా వస్తాయి, పైగా ఏ మందు అన్న ప్రశ్న ఒకటి. చదవడం అలవాటు లేనివాళ్ల దగ్గరికి వెళితే అంకెల బదులు బొమ్మలు వాడొచ్చు. బ్రాడ్లీ, లాంగ్ 1994లో వివరించిన బొమ్మల స్కేలులో నవ్వుముఖం నుంచి ఏడుపుముఖం దాకా వరుసగా ఉంటాయి.

చివరి ప్రశ్నకు చిన్న జవాబు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ, మానసిక రుగ్మతలను పేర్లవారీగా కాక వాటి వెనుక పనిచేసే వ్యవస్థలవారీగా పరిశోధించడానికి ఒక చట్రం తయారుచేసింది. అందులో ఒక శీర్షిక "నెగటివ్ వేలెన్స్ సిస్టమ్స్". ఎదురుగా ఉన్న ముప్పుకు కలిగే భయం, రాబోతుందేమోనన్న ఆందోళన, ఎడతెగని ముప్పు, నష్టం, ఆశించిన ఫలం దక్కనప్పటి విసుగు దాని కిందికి వస్తాయి. ఆ చివరిదాన్ని ఒకసారి శ్రద్ధగా చదవండి. మనిషిని వెనక్కి లాగకుండా దెబ్బలాటకు పురిగొల్పేది కూడా నెగటివ్ కిందే ఉంది, కోపం గురించి పైన రాసింది మీకు అక్కడ పనికొస్తుంది.