చలికాలంలో బాబ్ గ్రాహం రౌండ్ ఎందుకంత కష్టం?

బాబ్ గ్రాహం రౌండ్ అంటే కొండల మీద పరుగు సవాలు. ఇంగ్లాండ్‌లోని కొండల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లో, కెస్విక్ పట్టణంలోని మూట్ హాల్ భవనం దగ్గర మొదలుపెట్టి, 42 శిఖరాలు ఎక్కి దిగి, 24 గంటల్లోపు అక్కడికే చేరాలి. సుమారు 106 కిలోమీటర్ల దూరం, ఎక్కాల్సిన ఎత్తు మొత్తం కలిపి 8,200 మీటర్లు. 1932లో బాబ్ గ్రాహం దీన్ని 23 గంటల 39 నిమిషాల్లో పూర్తిచేశాడు. అయితే అది జూన్ నెల! డిసెంబరు చివర్లో అక్కడ పగలు ఏడున్నర గంటలు కూడా ఉండదు.

చాలామంది మంచుకే భయపడతారు. నా దృష్టిలో అసలు శత్రువు చీకట్లో కమ్ముకునే పొగమంచు. తలకు కట్టుకున్న లైటు వెలుగు దానిమీద పడి తిరిగి కళ్లలోనే కొడుతుంది, పక్కనున్న అంచు కనిపించదు. అప్పుడు పరుగు మాట దేవుడెరుగు, దిక్సూచి చూసుకుంటూ నడవడమే గగనం.

అన్నింటికన్నా చిక్కైన చోటు స్కాఫెల్ పైక్ శిఖరం నుంచి పక్కనున్న స్కాఫెల్ శిఖరానికి వెళ్లే దారి. మధ్యలో బ్రాడ్ స్టాండ్ అనే రాతిమెట్టు ఉంది. పొడిగా ఉన్నప్పుడే తాడు వాడేవారున్నారు. గడ్డకడితే దాని జోలికి పోకూడదు. ఫాక్సెస్ టార్న్ అనే చిన్న కొలను వైపు దిగి చుట్టి ఎక్కితే సమయం పోతుంది, అక్కడా మంచు గడ్డకట్టి ఉండవచ్చు. బూట్లకు ముళ్లపట్టీలు, చేతిలో మంచుగొడ్డలి తప్పనిసరి.

తేదీ ముందే ఖాయం చేసుకోవద్దు. గట్టిపడ్డ మంచు, గాలిలేని రాత్రి కలిసొస్తే బురదనేల కూడా గడ్డకట్టి పరుగుకు అనువవుతుంది. మెత్తని కొత్త మంచైతే ఇంట్లోనే ఉండండి.