1958లో అమెరికా మిడ్‌టర్మ్ ఎన్నికల్లో అన్ని రాష్ట్రాలూ గవర్నర్లను ఎన్నుకున్నాయా?

లేదు, చాలా రాష్ట్రాలు ఎన్నుకున్నాయి కానీ అన్నీ కాదు. గవర్నర్ ఎన్నిక ఎప్పుడు జరగాలి, పదవీకాలం ఎన్నేళ్లు అనేది అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర రాజ్యాంగమే తేల్చుకుంటుంది, వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వానికి అందులో పాత్రే లేదు. అందుకే న్యూజెర్సీ, వర్జీనియా 1957లోనే ఆ పని కానిచ్చేశాయి, కెంటకీ, మిసిసిపి 1959 దాకా ఆగాయి.

ఇంకో సంగతి, అప్పట్లో చాలా రాష్ట్రాల్లో గవర్నర్ పదవి రెండేళ్లే. మిషిగన్ చూడండి: జి. మెనెన్ విలియమ్స్ 1948లో మొదటిసారి గెలిచి, ఆ తర్వాత 1950, 52, 54, 56, 58ల్లో వరసగా మళ్లీ మళ్లీ జనం ముందుకెళ్లి గెలిచాడు, అంటే పన్నెండేళ్ల పాలన కోసం ఆరు ఎన్నికలు, ఒక ప్రచారం అలసట తీరేలోపే ఇంకోటి! అదే కాలిఫోర్నియాలో అయితే నాలుగేళ్లకోసారి, 1954 తర్వాత నేరుగా 1958.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, మిడ్‌టర్మ్ కదా, గవర్నర్ పదవీకాలం సగంలో పెట్టే ఎన్నిక అనుకుంటారు. సగంలో ఉండేది అధ్యక్షుడి పదవీకాలం, 1958లో అది ఐసెన్‌హోవర్‌ది. మన దగ్గర గవర్నర్‌ని రాష్ట్రపతి నియమిస్తారు కాబట్టి ఈ అయోమయం ఇంకాస్త పెరుగుతుంది. అమెరికా గవర్నర్‌ని మాత్రం జనమే నేరుగా ఎన్నుకుంటారు, అధికారాల్లో ఆయన మన ముఖ్యమంత్రికి దగ్గర.