వాకిట్లో పోర్సిలిన్ టైల్స్: దుకాణదారు బాధ్యుడా, మేస్త్రీ బాధ్యుడా?

ప్రశ్న: ఏడాది కిందట రాజమహేంద్రవరంలోని మా ఇంటి ముందు ఆవరణలో 1.80 లక్షల రూపాయల ఖర్చుతో పోర్సిలిన్ టైల్స్ వేయించాము. వానకు తడిసే చోటని చెప్పే కొన్నాము. ఇప్పుడు తడిస్తే కాలు నిలవడం లేదు. కొన్ని టైల్స్ తట్టి చూస్తే గుల్ల శబ్దం వస్తోంది. దుకాణదారు తప్పు మేస్త్రీదంటూ, బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న వాక్యం చూపిస్తున్నాడు. మేస్త్రీ సరుకునే తప్పుపడుతున్నాడు. మేమేం చేయాలి?

జవాబు: మీ ఫిర్యాదులో రెండు వేర్వేరు లోపాలున్నాయి. జారడం సరుకు ఎంపికకు సంబంధించినది. గుల్ల శబ్దం చాలావరకు పనితనానికి సంబంధించినది. పోర్సిలిన్ నీటిని 0.5 శాతానికి మించి పీల్చదు కనుక మామూలు సిమెంటు పాలు దానికి సరిగా అంటవు, తగిన అడెసివ్ (టైల్స్ అంటించే జిగురు) వాడాలి.

కొనేవారు తమ అవసరాన్ని చెప్పి, అమ్మేవాని అనుభవం మీద ఆధారపడి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి పనికివచ్చేదిగా ఉండాలన్న షరతు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆ ఒప్పందంలో దానంతట అదే ఇమిడి ఉంటుంది. అయితే ఫలానా కంపెనీ ఫలానా రకమే కావాలని మీరే పేరు పెట్టి కొని ఉంటే ఈ వాదన బలహీనపడుతుంది. అందువల్ల 'బయట వేయడానికి' అన్న మాట కొటేషన్‌లోగాని, వాట్సాప్ సందేశంలోగాని ఉంటే భద్రపరచండి. బిల్లు మీది ఆ ఒక్క వాక్యం లోపమున్న సరుకు బాధ్యత నుంచి దుకాణదారును తప్పించదు.

మేస్త్రీ విషయంలో, చదరపు అడుగుకు ఇంత అని పని మొత్తం ఒప్పుకుని ఉంటే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 'సేవ' అవుతుంది. మీరు దినకూలికి పెట్టుకుని, మీరే దగ్గరుండి చేయించుకుని ఉంటే మాత్రం, వ్యక్తిగత సేవా ఒప్పందం (యజమాని చెప్పినట్టల్లా చేసే పని) ఈ చట్టం కిందికి రాదన్న మినహాయింపును అతడు అడ్డం పెట్టుకునే అవకాశం ఉంది.

తొందరపడి టైల్స్ పీకించవద్దు. ఈ తరహా కేసుల్లో కక్షిదారులు చేసే పెద్ద పొరపాటు అదే. మిగిలిన టైల్స్‌ను, బ్యాచ్ నంబరున్న అట్టపెట్టెతో సహా దాచండి. అవసరమైతే 2019 చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్ నమూనాను ప్రయోగశాలకు పంపుతుంది.

ముందుగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, స్పందన లేకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే ఆ ఒక్కరూ తప్పును కమిషన్‌లో లేని రెండోవారి మీదికి నెట్టేస్తారు. మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి రుసుము ఉండదు. వివాద కారణం తలెత్తిన రోజు నుంచి 2 సంవత్సరాలే గడువు. నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు.