కంప్యూటర్ సందేహాలు: పాత క్రోమ్ ఒక్కటే చాలదు, పాత విండోస్ కూడా కావాలి

ప్రశ్న: నేను మారతహళ్లిలో ఉంటూ, మల్లేశ్వరంలోని ఒక తెలుగు సంఘానికి సభ్యత్వ నమోదు వెబ్‌సైటు తయారుచేశాను. నా ల్యాప్‌టాప్‌లో పేజీ చక్కగా ఉంది. కార్యదర్శిగారి విండోస్ 7 కంప్యూటర్లో మాత్రం, అక్కడా క్రోమే అయినా, గడులన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, ‘స్త్రీ’ అన్న మాటకు కింది ఒత్తులు తెగిపోయి కనిపిస్తున్నాయి. మార్పు చేసిన ప్రతిసారీ ఆ ట్రాఫిక్‌లో అక్కడిదాకా వెళ్లడం నా వల్ల కావడం లేదు. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే ప్రోగ్రాంలా నడిచే మరో కంప్యూటర్) పెట్టుకోమని మిత్రులు అంటున్నారు. పాత క్రోమ్‌ను నా విండోస్ 11లోనే పెట్టుకుంటే సరిపోదా? నాది 8 జీబీ ర్యామ్. (ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: సగం సరిపోతుంది. మీరు చెప్పిన రెండు లోపాలూ ఒకే తెర మీద కనిపిస్తున్నా, అవి పుట్టిన చోట్లు వేరు.

గడులు అంటుకుపోవడం బ్రౌజర్‌కు సంబంధించినది. పేజీలో గడులను వరుసగా అమర్చే ఫ్లెక్స్‌బాక్సులో గడుల మధ్య ఖాళీ కోసం మీరు ‘గ్యాప్’ అనే ఆదేశం వాడి ఉంటారని నా అనుమానం. క్రోమ్‌కు అది అర్థం కావడం 2020లో వచ్చిన 84వ వెర్షన్‌తో మొదలైంది. విండోస్ 7 మీద క్రోమ్ 109 దాకా వచ్చి ఆగింది కాబట్టి, అప్‌డేట్లు సవ్యంగా జరిగి ఉంటే ఈ ఇబ్బంది రాకూడదు. ఆ కంప్యూటర్లో ఎవరో ఎప్పుడో వాటిని ఆపేసి ఉండాలి. ముందు కార్యదర్శిగారికి ఫోన్ చేసి, క్రోమ్ మెనూలో ‘అబౌట్’ పేజీ తెరిచి అక్కడున్న అంకె చదివి చెప్పమనండి. ఏ వెర్షన్‌లో పరీక్షించాలో తెలియకుండా నాలుగైదు పాత బ్రౌజర్లు పోగుచేసుకోవడం వృథా శ్రమ.

ఒత్తుల సంగతి అలా కాదు. విండోస్ 8 నుంచి తెలుగుకు నిర్మలా యూఐ ఫాంటు వస్తోంది. విండోస్ 7లో ఉన్నవి గౌతమి, వాణి. ఫాంటు మారితే అక్షరాల కొలతలూ మారుతాయి. ‘స్త్రీ’లో సకారం కింద తకారం, రకారం రెండూ దిగాలి కదా, గడి ఎత్తును మీరు పిక్సెళ్లలో బిగించి ఉంటే, మీ దగ్గర సరిపోయిన చోటు అక్కడ చాలక కింది భాగం తెగిపోతుంది. ఆ ఫాంట్లను విండోస్ 11లోకి విడిగా తెచ్చుకోవచ్చు గానీ, మీ పేజీకి విండోస్ 7 తనంతట తాను ఏ ఫాంటు ఎంచుకుంటుందో చూడాలంటే విండోస్ 7 ఉండవలసిందే. వర్చువల్ మెషీన్ మీకు అక్కరకొచ్చేది ఇక్కడే.

వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాంలో) వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉందో లేదో చూసుకొని, లోపలి విండోస్‌కు 2 జీబీ ర్యామ్ కేటాయించండి. మీకున్న 8 జీబీతో ఒకసారికి ఒక మెషీన్ నడపడమే మంచిది. వెబ్‌సైట్లు తయారుచేసేవారి కోసం మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు 90 రోజులు పనిచేసే సిద్ధమైన మెషీన్లను ఉచితంగా ఇచ్చేది. ఇప్పుడు ఇవ్వడం లేదు కనుక, విండోస్ 7 లైసెన్సు మీరే సంపాదించుకోవాలి. పాత క్రోమ్ కోసం ఊరూపేరూ లేని సైట్ల జోలికి పోకుండా, క్రోమ్‌కు మూలమైన క్రోమియం ప్రాజెక్టు తానే భద్రపరచిన పాత బిల్డులలో దగ్గరి వెర్షన్ తీసుకోండి.

అన్నీ అమర్చాక, అప్‌డేట్లు ఆపి, మెషీన్‌ను ఆపివేసి ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు స్థితికి నకలు) తీయండి. ప్రతి పరీక్ష తరువాత ఆ స్నాప్‌షాట్‌కు తిరిగి వెళితే, కుకీలూ క్యాషీ (బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు) లేని మొదటి స్థితి క్షణాల్లో మీ ముందుంటుంది. పేజీ రూపాన్ని నిర్ణయించే నిన్నటి సీఎస్ఎస్ ఫైలు క్యాషీలో మిగిలిపోయి, సరిచేసిన తప్పు కోసమే మళ్లీ గంటసేపు వెతికే దుస్థితి తప్పుతుంది. (నాకు ఆ అనుభవం ఒకసారి కాదు, చాలాసార్లు అయింది.) మీ ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న సైటును లోపలి విండోస్‌లో తెరవడానికి ‘లోకల్‌హోస్ట్’ అని కొడితే రాదు, ఎందుకంటే అక్కడ ఆ మాటకు అర్థం ఆ మెషీనే, నాట్ అనే నెట్‌వర్క్ పద్ధతిలో మీ ల్యాప్‌టాప్‌ను సూచించే 10.0.2.2 అని కొట్టాలి. వర్చువల్‌బాక్స్ 7 నుంచి కొత్త మెషీన్లకు ఈ దారి మూసి ఉంటుంది, సెట్టింగు మార్చి తెరవాలి. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి కనుక, ఆ మెషీన్‌లో మీ మెయిల్ గానీ బ్యాంకు ఖాతా గానీ తెరవకండి.

ప్రశ్న: ఇదే పద్ధతిలో విండోస్ ల్యాప్‌టాప్‌లో మ్యాక్ పెట్టి ఆపిల్ బ్రౌజర్ సఫారీలో నా సైటును పరీక్షించవచ్చా? (ఒక పాఠకురాలు, జయనగర్)

జవాబు: ఆపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్ ఓఎస్‌ను ఆపిల్ యంత్రాల మీదే వర్చువల్ మెషీన్‌గా నడపాలి. విండోస్ కోసం వచ్చిన సఫారీ 2012లో 5.1.7తో ఆగిపోయింది, అది ఇప్పుడు దేనికీ పనికిరాదు. వెబ్‌సైట్లను పరీక్షించే ప్లేరైట్ అనే పనిముట్టుతో పాటు, సఫారీ లోపల పేజీని గీసే ఇంజనైన వెబ్‌కిట్ వస్తుంది, అది విండోస్ మీద నడుస్తుంది. పేజీ అమరికలోని తప్పులు చాలావరకు అందులోనే బయటపడతాయి. తేదీ గడి, తెర కీబోర్డు వంటివి మాత్రం ఎవరిదైనా ఐఫోన్ పది నిమిషాలు అడిగి తీసుకొని చూడండి. మన దేశంలో ఐఫోన్ మీది క్రోమ్ కూడా లోపల వెబ్‌కిట్టే కాబట్టి, ఆ ఫోన్‌లో సఫారీ లేదా క్రోమ్, ఏది తెరిచినా పేజీని గీసేది ఒకే ఇంజన్.