ఆచీ ఒబేహాస్ స్పానిష్ నుంచి ఇంగ్లిష్‌లోకి మాత్రమే అనువదిస్తారా?

కాదు, క్యూబన్ అమెరికన్ నవలా రచయిత్రి ఆచీ ఒబేహాస్ ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌లోకి కూడా అనువదిస్తారు. 1956లో హవానాలో పుట్టి, ఆరేళ్ల వయసులో అమెరికా చేరి, ఇండియానా రాష్ట్రంలో పెరగడంతో రెండు భాషలూ చిన్ననాటి నుంచే ఆమె సొంతమయ్యాయి. అనువాదకులు ఎక్కువగా ఒకే దిశలో పనిచేస్తారు కాబట్టి ఇది నిజంగా అరుదైన పట్టు.

ఉదాహరణకు, జూనో డియాజ్ నవల ‘ది బ్రీఫ్ వండ్రస్ లైఫ్ ఆఫ్ ఆస్కర్ వావ్’ను స్పానిష్‌లోకి తెచ్చింది ఆమే. ఆ ఇంగ్లిష్ వచనంలో అడుగడుగునా స్పానిష్ మాటలు తగులుతాయి. చుట్టూ ఇంగ్లిష్ ఉన్నప్పుడు మెరిసే ఆ మాటలు, అంతా స్పానిష్ అయ్యాక అందులో కలిసిపోతాయి. అసలు కష్టం అక్కడే.

ఆమె సొంత నవలలు స్పానిష్ నుంచి అనువాదమై వచ్చినవని కొందరు పొరబడవచ్చు. 1996 నాటి ‘మెమరీ మాంబో’ను ఆమె ఇంగ్లిష్‌లోనే రాశారు.